నువ్వులుండ కోసం పోయిన మీసం

సినిమా ఎక్కడ అయిపోతుందో నాకు తెలిసినంత బాగా గుడివాడలో ఇంకెవరికీ తెలియదని చాలా ఏళ్లు నమ్మాను. ఒకే థియేటర్లో మొదట ఆపరేటరుగా, తర్వాత మేనేజరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ నమ్మకం వల్ల ఒక పెద్దమనిషి మీసం పోయింది. ఇప్పుడు థియేటర్లలో పనిచేస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే నన్ను చూసి నవ్వుకోండి, తప్పులేదు. కానీ చివరిదాకా చదవండి. చివరిదాకా ఉండకపోవడమే ఇందులో నా నేరం.

నేను పనిలో చేరిన రోజుల్లో పోలీసులు వచ్చి విలన్‌కి బేడీలు వేశారంటే జనం కాళ్లతో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టేవాళ్లు. తెర మీద ‘శుభం’ పడేసరికి సగం హాలు సైకిల్ స్టాండులో ఉండేది. ఆ అక్షరాలు క్యాబిన్ కిటికీలోంచి నేనొక్కణ్ణే పూర్తిగా చూసేవాణ్ణి. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక ‘శుభం’ కూడా పోయింది. దాని బదులు పేర్లు వచ్చాయి. నల్లటి తెర మీద చీమల బారులాగా కిందనుంచి పైకి పాకే పేర్లు. ఇంగ్లీషు సినిమాలకైతే అవి ఎనిమిది నిమిషాలు కూడా ఉంటాయి. రోజుకి నాలుగాటలు. ఆటకీ ఆటకీ మధ్య హాలు ఊడ్చాలి, సమోసా కాగితాలు ఏరాలి, బయట ఎండలో నిలబడ్డవాళ్లని లోపలికి పంపాలి. ఆ ఎనిమిది నిమిషాలు నావే అని తీర్మానించుకున్నాను. పేర్లు మొదలైతే బొమ్మ ఆపి లైట్లు వేసెయ్యాలి, తలుపులు తీసెయ్యాలి. నేను పెట్టిన రూలు అది.

నేను మేనేజరయ్యాక క్యాబిన్‌లోకి వచ్చిన ఆపరేటరుది మొవ్వ ఊరు. మాకు చుట్టరికమేమీ లేదు, అయినా మొదటిరోజు నుంచీ బావా అంటే బావా అనుకున్నాం. తక్కువ మాట్లాడే మనిషి. ఈ రూలు అతనికి నచ్చలేదని నాకు తెలుసు. ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు కాబట్టి నేనూ తెలియనట్టే ఉన్నాను.

ఇక సూపర్ హీరో సినిమాలు. తెలుగులోకి డబ్ అయి వస్తుంటే ప్యాంటు మీద డ్రాయరు వేసుకున్నవాడికి కూడా అభిమానులా అని టికెట్ల కిటికీ దగ్గర కూర్చుని జోకులు వేసేవాణ్ణి. అందులో ఒక వరస సినిమాల్లో హీరో ఆకాశంలో ఎగురుతాడు గానీ నీళ్లలో పడితే మునిగిపోతాడు. రెండో భాగంలో అతన్ని జుట్టు పట్టుకుని సముద్రంలోంచి పైకి లాగి పడవలో పడేసే రేవు మనిషి ఒకావిడ ఉంది. చేతికి లావుపాటి కడియం. ఇంగ్లీషులో ఆవిడ ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తెలుగులో మాటలు రాసినాయన మాత్రం మన దివిసీమ చుట్టుపక్కలవాడై ఉండాలి. “ఏవండోయ్ వీరుడుగారూ, ఎగరడం వచ్చిన మనిషికి ఈదడం రాదాండీ?” అని ఆవిడ అడగ్గానే హాలు పైకప్పు లేచిపోయింది. వారం తిరిగేసరికి నాగాయలంక, అవనిగడ్డ వైపు నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. హీరోని వదిలేసి ఆవిడకి ‘పడవక్క’ అని పేరు పెట్టుకున్నారు. మేకప్పు తీసేస్తే ఆవిడ సొంతూరు ఎదురుమొండి అయినా ఆశ్చర్యం లేదని ఒకాయన నాతో ఒట్టేసి చెప్పాడు.

అప్పటినుంచి ఆ వరసలో ఏ సినిమా వచ్చినా మా థియేటరు ఎదురుగా టీ కొట్టు దగ్గర సభ జరిగేది. అందులో ఇద్దరు ముఖ్యులు. ఒకాయన బందరులో రోల్డ్ గోల్డ్ నగలు చేసే పనివాడు. అందరూ భాయ్ అనేవాళ్లు. యాభై దాటినాయన, మెలితిప్పిన మీసం, దానికి సన్నగా నూనె. మా తెర పెద్దదని ప్రతి సినిమాకీ పని ఆపుకుని బందరు నుంచి వచ్చేవాడు. రెండో ఆవిడ గుడ్లవల్లేరు ఇంజినీరింగ్ కాలేజీలో లెక్చరరు. ఈ కథలు సినిమాలు కాకముందు బొమ్మల పుస్తకాలుగా ఉన్నప్పటి నుంచీ చదివిన మనిషి. ఆవిడ చేతిలో టీ గ్లాసు చల్లారిపోయేది, వాదన చల్లారేది కాదు.

మూడో భాగం వస్తోందనగానే పడవక్కకి సొంతంగా ఒక సినిమా తీస్తారా లేదా అన్నది పెద్ద గొడవైపోయింది. మేడం గారు తీయకూడదన్నారు. పుస్తకంలో ఆ మనిషి ఈ మూడో కథలోనే చచ్చిపోతుంది, గౌరవంగా చావనివ్వాలి, పక్కన ఉంటేనే అందమైన మనుషులు కొందరుంటారు అని ఆవిడ వాదన. చివరికి ఒక ప్రశ్న వేశారు.

“అరిసె మీద నువ్వులు బావున్నాయి కదా అని ఉత్త నువ్వులే తింటామా భాయ్?”

భాయ్ గ్లాసు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు. “తినం మేడం. నువ్వులుండ చేసుకుని తింటాం.”

ఆ రోజు నుంచి మా ఊళ్లో అలాంటి సినిమాల పేరు నువ్వులుండ. పెద్ద కథలోంచి ఒక పాత్రని తీసి దానికి విడిగా కథ కడితే అది నువ్వులుండ సినిమా. ఇంగ్లీషులో దానికేదో పేరుందిట, మా టీ కొట్టు దగ్గర అనేవాళ్లు లేరు.

మాటామాటా పెరిగి పందెం దాకా వచ్చింది. మూడో భాగం పూర్తయ్యేలోగా పడవక్క బతికుందనీ, తిరిగొస్తుందనీ ఏదో ఒక జాడ చూపిస్తే మేడం గారు ఆవిడ కడియంలాంటి కడియం పెట్టుకుని ఒక టర్మంతా పాఠం చెప్పాలి. చూపించకపోతే భాయ్ మీసం తీయించుకోవాలి. కడియం భాయ్ అప్పటికే చేసేశాడు. నెలరోజులు కూర్చుని, సినిమా బొమ్మ ఎదురుగా పెట్టుకుని, దాని మీద చేప పొలుసులు ఒక్కొక్కటే చెక్కాడుట. ఓడిపోతాననే ఆలోచన ఆయనకి లేదు.

విడుదలకి రెండు రోజుల ముందు ఇద్దరూ కలిసి నా గదికి వచ్చారు. తెల్లకాగితం మీద రాసిన అర్జీ, కింద నలభై సంతకాలు, పక్కన ఫోన్ నంబర్లు. పేర్లన్నీ పూర్తయ్యేదాకా దయచేసి బొమ్మ ఆపవద్దు, అసలు సంగతి పేర్ల తర్వాతే వస్తుంది అని. నేను కళ్లజోడు పెట్టుకుని చదివి, అలాగేనండీ అన్నాను. వాళ్లు మెట్లు దిగేలోపు కాగితాన్ని పేపర్ వెయిట్ కింద పెట్టి మర్చిపోయాను. మర్చిపోయాననడం కూడా పూర్తిగా నిజం కాదు. పేర్ల తర్వాత సినిమా ఏమిటి, భోజనమయ్యాక విస్తరి నాకడమా అని నాలో నేనే నవ్వుకున్నాను.

విడుదలరోజు మార్నింగ్ షోకి హాలు నిండిపోయింది. అప్పటికే బయట మ్యాట్నీ జనం గేటుని తోస్తున్నారు. చివరి ఘట్టంలో పడవక్క హీరోని ఒడ్డుకి నెట్టి, తాను పడవతో సహా కొండంత అలలోకి వెళ్లిపోయింది. తెర నల్లబడి పేర్లు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు. నేను వెనక తలుపు దగ్గర నిలబడి గేటు వైపొకసారి, గడియారం వైపొకసారి చూసి క్యాబిన్‌కి ఫోన్ చేశాను.

“లైట్లు వేసెయ్ బావా.”

“వాళ్లు అడిగారు కదా బావా. ఉంచుదాం.”

“పేర్లేగా. ఎవరు చదువుతారు? వెయ్యి.”

అతను వేశాడు. బొమ్మ పోయింది. వెలుతురుకి కళ్లు చికిలించుకుంటూ జనం లేచారు. కొందరు అరిచారు గానీ తలుపులు తెరిచాక బయటి జనం, లోపలి జనం కలిసిపోయి ఆ అరుపు ఎటో పోయింది.

పది నిమిషాల తర్వాత ఇద్దరూ నా గది ముందు ఉన్నారు. మేడం గారి ముఖంలో కోపం ఉంది, భాయ్ ముఖంలో ఇంకా ఆశ ఉంది. ఎందుకు ఆపారని అడుగుతారనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ అది అడగలేదు.

“మీరు ముందే వేసి చూసుకుంటారు కదా సార్. చివర్లో ఏమైనా ఉందా?”

ముందురోజు మేము వేసి చూసింది పది నిమిషాలు, అదీ మొదట్లో, సౌండు కోసం. తెలియదమ్మా, తప్పైంది అంటే సరిపోయేది. అన్నేళ్ల సర్వీసున్నవాడికి సినిమా చివర ఏముందో తెలియదని ఎలా ఒప్పుకుంటాను? నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

“నేనే చూశానమ్మా. పేర్లు తప్ప ఏమీ లేవు.”

భాయ్ ఒక్క క్షణం నేల చూశాడు. పెద్దాయన చూశానన్నాక ఇంకేముందండీ అని రోడ్డు దాటి ఎదురుగా ఉన్న సెలూన్లోకి నడిచాడు. సరదాకి అనుకున్నాం, వద్దు వద్దంటూ మేడం గారు వెనకాలే పరిగెత్తారు. మంగలి కూడా రెండుసార్లు అడిగాడుట. పందెం సరదాకే వేశాను, మీసం మాత్రం సరదాకి పెంచలేదు, అందుకే తీసెయ్ అన్నాడుట భాయ్. బయటికి వచ్చినాయన్ని చూస్తే భాయ్ తమ్ముడెవరో బందరు నుంచి వచ్చినట్టుంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పొరపాటున చెయ్యి పైకెళ్లి, మెలితిప్పడానికి ఏమీ దొరక్క ముక్కు పట్టుకుంటే ఇంకా నవ్వారు. నేనూ నవ్వాను. వెళ్లేముందు న్యూస్ పేపర్లో చుట్టిన కడియం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇక మేడం గారికి అక్కర్లేదు, మీ థియేటర్లో ఎక్కడైనా గుర్తుగా పెట్టుకోండి అన్నాడు. సొరుగులో పడేశాను.

మ్యాట్నీ అయ్యే వేళకి క్యాబిన్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకసారి లోపలికి రా బావా అన్నాడు, అంతే. వెళ్లి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాను. పేర్లు నడుస్తున్నాయి. మొట్టమొదటిసారి అతను నా మాట వినలేదు. హాల్లో ఓ పదిహేనుమంది మిగిలారు. పేర్లు, పేర్లు, ఇంకా పేర్లు. తర్వాత సముద్రం. తిరగబడ్డ పడవ. పడవ అంచు మీద తడిసిన చెయ్యి, దానికి కడియం. ఆ తర్వాత గొంతు.

“ఏవండోయ్, కంగారు పడకండి. నాకు ఈదడం వచ్చు కదండీ.”

పడవక్క తిరిగొస్తుంది అని అక్షరాలు పడ్డాయి. ఆ పదిహేనుమంది కుర్చీలెక్కి ఈలలు వేశారు.

భాయ్ ఎక్కిన బందరు బస్సు అప్పటికి ఊరు చేరిపోయి ఉంటుంది. అర్జీ మీద ఆయన ఫోన్ నంబరుంది. పేపర్ వెయిట్ తీసి ఆ నంబరు చూశాను, మళ్లీ పెట్టేశాను. క్యాబిన్‌కి వెళ్లి, ఈ పూటకి ఎవరితోనూ అనకు బావా అన్నాను. అతను నా వైపు చూసి, ఆయన మీసం బావా అన్నాడు.

దాచడానికి అదేమన్నా దాగే విషయమా? సాయంత్రానికి విజయవాడ నుంచి, ఏలూరు నుంచి అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. మర్నాడు పొద్దున మేడం గారు గదిలోకి వస్తుంటే లేచి నిలబడ్డాను. తిట్లు తినడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ తిట్టలేదు. భాయ్ ముందే ఫోన్ చేసి చెప్పాడుట. పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనొద్దు, పొద్దునాటకి వచ్చిన కాపీలో ఆ ముక్క ఉండి ఉండదు, తర్వాత పంపుంటారు, ఆయన చూడకుండా చూశానని చెప్పే మనిషి కాదు అని.

నేను పడకుండా ఉండడానికి ఆయన నా కింద వంతెన కట్టిపెట్టాడు. నేను దాని మీద నడిచాను కూడా. అలాంటివి జరుగుతుంటాయమ్మా అన్నాను. ఆవిడ నమ్మి వెళ్లిపోయారు. నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన అతి హీనమైన పని ఏదంటే ఆ ఒక్క వాక్యం. మధ్యాహ్నం క్యారియర్ పక్కకి నెట్టాను. సొరుగు తీసి కడియం చూశాను. చేప పొలుసులు ఒక్కొక్కటే. ఎక్కడా తొందరపడలేదు ఆ చెయ్యి.

ఆ మర్నాడు సెలవు పెట్టి పాసింజరు రైల్లో బందరు వెళ్లాను. భాయ్ పని చేసుకునే కొట్టు చిలకలపూడిలో చిన్న గది. రేకుల కప్పు, రాగి తీగల చుట్టలు, అచ్చులు. నన్ను చూడగానే ఆయన భుజం మీద తువ్వాలు తీసి పైపెదవి కప్పుకున్నాడు. అలవాటైపోయినట్టుంది. లోపల్నుంచి వాళ్లావిడ టీ తెచ్చి, మా ఆయన పెళ్లిచూపులకి కూడా ఇంత బోసిగా రాలేదండీ అని నవ్వి వెళ్లింది. నేను టీ ముట్టుకోకుండా మొత్తం చెప్పాను. అర్జీ, ఫోన్, ‘చూశాను’ అన్న మాట, మ్యాట్నీ, నోరు మూసుకోమని బావకి చెప్పడం, మేడం గారితో అన్నది. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని భయం.

ఆయన చేతిలోని పట్టకారు కింద పెట్టాడు.

“మీసం గురించి కాదండీ. అది నెలకి వస్తుంది. ఆవిడ చచ్చిపోయిందని బస్సులో పెడన దాకా ఏడ్చానండీ. పక్కసీటాయన ఎవరు పోయారండీ అని అడిగితే మా అక్క అన్నాను. ఆయన అరటిపండు కూడా ఇచ్చాడు. ఇప్పుడు ఆయన్ని ఎక్కడని వెతకను?”

అని ఆయనే నవ్వడం మొదలుపెట్టాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో తెలియలేదు. నా మీసం కూడా తీయించేస్తానన్నాను. నిజంగానే అన్నాను. ఆయన నా ముఖం పరకాయించి, మీ మీసం నాకెందుకండీ, అంత బాగా కూడా లేదు అన్నాడు.

ఆయన వేసిన శిక్ష వేరు. ఆ సినిమా మా హాల్లో ఉన్నన్నాళ్లూ ప్రతి ఆటకీ నేను లోపల కూర్చుని పేర్లన్నీ చదవాలి. ఆఖరి పేరు దాకా. ఇంకొకటి, మేడం గారికి కడియం నా చేత్తోనే ఇచ్చి, ఎందుకిస్తున్నానో చెప్పాలి.

ఆ రెండోది టీ కొట్టు దగ్గర అందరి ముందూ చేశాను. మేడం గారు చెయ్యి చాపారు. ఆ టర్మంతా ఆవిడ బోర్డు మీద లెక్క రాస్తుంటే కడియం టంగుమని తగిలేదిట. ఆ చప్పుడు వినగానే వెనక బెంచీలు ‘ఏవండోయ్’ అనేవిట.

మొదటిది మూడు వారాలు చేశాను. మొదటి రోజులు శిక్షలాగానే ఉంది. తర్వాత చదవడం అలవాటైంది. వడ్రంగులు, డ్రైవర్లు, వంటవాళ్లు, పడవకి రంగు వేసినవాళ్లు. కంప్యూటరు పని చేసినవాళ్ల బారుల్లో మన పేర్లు కూడా తగిలేవి, మన ఇంటిపేర్లతో సహా. ఒకసారి గుడివాడ కాలేజీ కుర్రాళ్లు నలుగురు ఒక పేరు దగ్గర లేచి చప్పట్లు కొట్టారు. వాళ్ల సీనియరుట. ఎన్ని సినిమాల్లో ఎంతమందిని లైట్లు వేసి చెరిపేశానో అప్పుడు లెక్క వేసుకోబోయి మానేశాను. పేరు ఏ తెర మీదా పడని ఆపరేటరుగా బతికినవాణ్ణి, ఆ సంగతి నాకు అందరికంటే ముందు తెలియాల్సింది. రూలు మార్చానని బావకి చెబితే, మ్యాట్నీ నుంచే మార్చాను కదా బావా అన్నాడు.

నేను రిటైరయ్యాక వచ్చింది నువ్వులుండ. పడవక్క సొంత సినిమా. ఈసారి టికెట్టు కొనుక్కుని, భాయ్‌కీ మేడం గారికీ మధ్య కూర్చున్నాను. భాయ్ మీసం పూర్వం కంటే దట్టంగా ఉంది. ఆయనకి సినిమా అద్భుతం. మేడం గారికి బెల్లం ఎక్కువైంది. పక్కన ఉన్నప్పుడే పడవక్క బావుందని ఆవిడ ఇప్పటికీ అంటారు, చేతికి కడియం మాత్రం తీయలేదు. టర్ము అయిపోయి చాలా కాలమైంది.

పేర్లు మొదలయ్యాయి. ఎవరూ లేవలేదు. ఎనిమిది నిమిషాలు కూర్చున్నాం. ఆఖరి పేరు పైకి వెళ్లిపోయింది. తెర తెల్లబడింది, లైట్లు వెలిగాయి. చేయి లేదు, పడవ లేదు, ఏమీ లేదు.

భాయ్ నెమ్మదిగా మీసం తిప్పుతూ నా వైపు తిరిగాడు. “పెద్దాయనా, చివర్లో ఏమైనా ఉందా?”

ఆయన నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా జవాబు చెప్పకుండా లేచాను. మోకాళ్ల నొప్పులతో క్యాబిన్ మెట్లన్నీ ఎక్కాను. బావ నన్ను చూసి ఒక్క మాటా అడగకుండా ఆఖరి ముక్క వెనక్కి తిప్పి చూపించాడు. పేర్లు, నలుపు, అంతే. రెండుసార్లు చూశాను. మళ్లీ మెట్లు దిగి వచ్చేసరికి హాలు ఊడ్చేవాళ్లు చీపుళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు, వాళ్లిద్దరూ కుర్చీల్లోంచి కదల్లేదు.

“ఏమీ లేదండీ. చూసొచ్చాను” అన్నాను.

“అయితే లేనట్టే” అని భాయ్ లేచి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.